ప్రీ-ఓటీ అన్న బోర్డు చూసి డిపాజిట్ కట్టకండి

అమెరికాలో పిల్లల్ని ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) చదివించాలనుకుంటున్న తెలుగు తల్లిదండ్రులకు, ముఖ్యంగా హైస్కూల్ చివరి రెండేళ్లలో పిల్లలున్నవాళ్లకు ఈ హెచ్చరిక. ప్రైవేటు కాలేజీ ఓపెన్ హౌస్‌లో ఎవరైనా "మా ప్రీ-ఓటీలో చేరండి, ఓటీ స్కూల్‌కి దారి మేమే వేస్తాం" అంటే వెంటనే కార్డు తియ్యకండి. మా అమ్మాయి విషయంలో ఆ మాట నమ్మి మూడేళ్లు ఫీజు కట్టాం. కాలేజీ పేరు రాయడం లేదు. ఇదే బోర్డు పెట్టుకున్న కాలేజీలు ఇంకా ఉన్నాయి, ఒకదాన్ని తప్పించుకున్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పక్షవాతం వచ్చిన మనిషికి మళ్లీ తన చొక్కా గుండీలు తాను పెట్టుకోవడం, తన అన్నం తాను కలుపుకోవడం నేర్పించేది ఓటీ. ఆటిజం ఉన్న పిల్లలతోనూ పనిచేస్తారు. ఇక్కడ దీనికి మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ తర్వాత మాస్టర్స్ గానీ, ఓటీడీ అనే డాక్టరేట్ గానీ చెయ్యాలి. ఆపైన ఎన్‌బీసీఓటీ అనే జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, రాష్ట్రం లైసెన్సు.

డిగ్రీలో ఏ మేజర్ అన్నది ఓటీ స్కూళ్లు పెద్దగా పట్టించుకోవు. సైకాలజీ, కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం), బయాలజీ, ఆఖరికి సంగీతం చదివినా సరే. వాళ్లు చూసేది ప్రీరిక్విజిట్ కోర్సులు, అంటే చేరేముందే చదివి ఉండాల్సినవి. ల్యాబ్‌తో సహా రెండు సెమిస్టర్ల అనాటమీ అండ్ ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, అబ్‌నార్మల్ సైకాలజీ, పుట్టుక నుంచి ముసలితనం దాకా చెప్పే డెవలప్‌మెంటల్ సైకాలజీ, సోషియాలజీ లేదా ఆంత్రోపాలజీ. ఎక్కువ స్కూళ్ల లిస్టులో ఇవి ఉంటాయి. కొన్ని మెడికల్ టెర్మినాలజీ, ఫిజిక్స్ కూడా అడుగుతాయి.

ఇప్పుడు మాకు అంటగట్టింది చూడండి. బ్రోషర్ మీద ప్రీ-ఓటీ అని పెద్దక్షరాలు. కాలేజీ కేటలాగ్ తెరిస్తే అది మేజరే కాదు, "అడ్వైజింగ్ ట్రాక్". అంటే ఒక అడ్వైజర్‌ని చూపిస్తారు, అంతే. ట్రాన్స్‌స్క్రిప్ట్ మీద పడేది హెల్త్ సైన్సెస్ అని. పేరుదేముంది, పోనీ అనుకున్నా అసలు దెబ్బ అనాటమీ దగ్గర తగిలింది. ట్రాక్ ప్లాన్‌లో వాళ్లు పెట్టింది "సర్వే ఆఫ్ అనాటమీ అండ్ ఫిజియాలజీ". ఒక్క సెమిస్టర్, మూడు క్రెడిట్లు, ల్యాబ్ లేదు. ల్యాబ్ ఉన్న నాలుగు క్రెడిట్ల కోర్సు అదే బిల్డింగ్‌లో నడుస్తోంది, కానీ సీట్లు ముందు నర్సింగ్ వాళ్లకట. ఓపెన్ హౌస్‌లో ఈ ముక్క ఎవరి నోటా రాలేదు. అబ్‌నార్మల్ సైకాలజీ ప్లాన్‌లోనే లేదు. ఆ స్థానంలో "వెల్‌నెస్ అండ్ లైఫ్‌స్టైల్" అనే క్లాసు ఉంది, దాంట్లో మా పిల్లకి 'ఏ' గ్రేడ్ కూడా వచ్చింది. ఏం చేసుకోను?

అప్లికేషన్ల ముందు సిలబస్‌లు జతచేసి ఓటీ స్కూళ్లకి మెయిల్ పెడితే, ల్యాబ్ లేని సర్వే కోర్సు చెల్లదు, రెండు సెమిస్టర్లదే కావాలని ఒకరి తర్వాత ఒకరు అదే జవాబు. అడ్వైజర్ని నిలదీస్తే "మేం సలహా మాత్రమే ఇస్తాం, స్కూళ్ల రూల్స్ చూసుకోవాల్సింది స్టూడెంటే" అంది. ఏ ఓటీ స్కూల్ లిస్టు దగ్గర పెట్టుకుని ఆ ప్లాన్ వేశారని అడిగాం. దానికి మాత్రం జవాబు రాలేదు.

ఇంకో బెదిరింపు కూడా వింటారు. "2027 నుంచి డాక్టరేట్ లేకపోతే ఓటీ కాలేరు, అందుకే మా మూడు ప్లస్ మూడు (మూడేళ్లు డిగ్రీ, మూడేళ్లు ఓటీ) ప్యాకేజీలో ఇప్పుడే సీటు పట్టుకోండి" అని. అది చద్ది కబురు. ఓటీ కోర్సులకు గుర్తింపునిచ్చే ఏసీఓటీఈ 2017లో అలా ప్రకటించిన మాట నిజమే, కానీ తర్వాత వెనక్కి తగ్గింది. మాస్టర్స్, ఓటీడీ రెండూ ఉంటాయని 2019లోనే తేలిపోయింది. మూడు ప్లస్ మూడు చెడ్డదని నేననను. కండిషన్లు మాత్రం కాగితం మీద అడగండి. సైన్స్ జీపీఏ ఎంత నిలబెట్టాలి, నిలబడకపోతే సీటు ఏమవుతుంది? కొన్ని చోట్ల ఓటీ మొదటి ఏడాది గట్టెక్కితే గానీ బ్యాచిలర్స్ పట్టా ఇవ్వరు. మధ్యలో సీటు జారితే మూడేళ్లు చదివిన పిల్ల నాలుగో ఏడాదికి కొత్త మేజర్ వెతుక్కోవాలి.

ఏ మేజర్ తీసుకోవాలని అడిగితే నా అభిప్రాయం ఇది. కినీసియాలజీలో అనాటమీ దానంతటదే వస్తుంది, సైకాలజీ కోర్సులు ఎలెక్టివ్‌లుగా తీసుకోవాలి. సైకాలజీలో దానికి తిరగేసి; అక్కడ ల్యాబ్ కోర్సుకి సీటు దొరుకుతుందా అన్నదే టెన్షన్. బయాలజీ నిజంగా ఇష్టముంటేనే. ఓటీకి చాలా స్కూళ్లు అడగని ఆర్గానిక్ కెమిస్ట్రీ కోసం జీపీఏ పాడుచేసుకోవడం దేనికి? చాలా స్కూళ్లు కనీసం 3.0 అడుగుతాయి, పోటీ అంతకంటే పైనే ఉంటుంది. ఒకవేళ ఓటీ సీటు రాకపోయినా ఏదో ఒక ఉద్యోగానికి పనికొచ్చే మేజర్ అయితే ఇంకా మంచిది.

కేటలాగ్‌ని చూసేటప్పుడు పిల్లలు అప్లై చేయబోయే ఐదారు ఓటీ స్కూళ్ల ప్రీరిక్విజిట్ పేజీలు పక్కన పెట్టుకుని కోర్సు కోర్సూ సరిచూడండి. పేరు కలిస్తే చాలదు. క్రెడిట్లు, ల్యాబ్, ఆ ల్యాబ్ ఆన్‌లైనా కాదా, ఎంత గ్రేడ్ రావాలి, ఎన్నేళ్ల లోపు చదివి ఉండాలి, అన్నీ. కొన్ని కాలేజీల్లో అనాటమీ, ఫిజియాలజీ విడివిడి కోర్సులు, కొన్నిటిలో రెండూ కలిపేసి పార్ట్ ఒకటి, పార్ట్ రెండు అని ఉంటాయి. సగం ఇక్కడ, సగం అక్కడ చదివితే మధ్యలో ఖాళీ పడుతుంది. అనుమానం ఉంటే కోర్సు నంబర్ రాసి అడ్మిషన్స్‌కి మెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు. మళ్లీ చదివి 'ఏ' గ్రేడ్ తెచ్చుకుంటే పాత 'సీ' మాయమవుతుందని కూడా అనుకోవద్దు. చాలా స్కూళ్లు దరఖాస్తులు తీసుకునే ఓటీక్యాస్‌లో జీపీఏ లెక్కకి రెండూ వస్తాయి.

డబ్బు సంగతి. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ (మాస్టర్స్, డాక్టరేట్ చదివేవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పు) లోన్ లేదు. ఓటీ స్కూల్ ఖర్చు ఎలాగూ మీద పడుతుంది కాబట్టి, డిగ్రీకే ప్రైవేటు కాలేజీలో చేతిలో ఉన్నదంతా ఊడ్చిపెట్టకండి.

మా అమ్మాయి ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో ల్యాబ్‌తో అనాటమీ చదువుతోంది. చెల్లుతుందని రెండు ఓటీ స్కూళ్ల నుంచి ముందే మెయిల్‌లో రాయించుకున్నాం. పాత కాలేజీలో డీన్‌కి ఫిర్యాదు పెట్టాం; ఒక్క డాలర్ కూడా వెనక్కి ఇచ్చేది లేదన్నారు. మీ పిల్లలు ఇప్పటికే ఇలాంటి ట్రాక్‌లో ఉంటే వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరవకముందే ల్యాబ్ కోర్సుకి సీటు రాసివ్వమని డిపార్ట్‌మెంట్‌ని అడగండి, ఓపెన్ హౌస్‌లో ఇచ్చిన బ్రోషర్ మాత్రం పారెయ్యకండి.