పాస్టరు గారి పాత బంగళాలో రెండు రాత్రులు

ఇంగ్లండులో పాత వికరేజ్ కనిపిస్తే ఆగి చూడండి, ఫొటో తీసుకోండి, రాత్రి మాత్రం అందులో పడుకోకండి.

మేము దిగింది కేంబ్రిడ్జికి అరగంట దూరంలో ఒక పల్లెలో. వికరేజ్ అంటే ఊరి చర్చి పాస్టరు గారికి ఇచ్చే బంగళా. ఖర్చు భరించలేక చర్చి వాళ్లు పోయిన శతాబ్దంలో ఇలాంటివి చాలా అమ్మేశారు. ఇది కొనుక్కున్న కుటుంబం రెండు గదులు అద్దెకిస్తోంది, మా ముగ్గురికీ కలిపి రాత్రికి 135 పౌండ్లు, టిఫిన్‌తో.

ఇంటావిడ ఓపిగ్గా అంతా తిప్పి చూపించింది, కాదనను. విక్టోరియా కాలపు ఎర్ర ఇటుక ఇల్లు. వీధి గుమ్మం పక్కనే పాస్టరు గారి గది, ఊళ్లోవాళ్లు పనిమీద వస్తే ఇంట్లో అడుగుపెట్టకుండా అటునుంచి అటే వెళ్లిపోయేలా దానికి వేరే తలుపు. మన పాత ఇళ్లలో ఆ పని వీధి అరుగు చేసేది. పనివాళ్లకు వెనకవైపు ఇరుకు మెట్లు, ఏ గదివాళ్లు పిలిచారో తెలియడానికి వంటింటి గోడమీద వరసగా గంటలు.

రాత్రి పదింటికి హీటింగ్ ఆపేశారు. అక్టోబరు చలి, పన్నెండడుగుల సీలింగు, పైకీ కిందికీ జరిపే చెక్క కిటికీలకు ఒంటి అద్దం, సందుల్లోంచి ఈల వేస్తూ గాలి. లిస్టెడ్ బిల్డింగ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉన్న ఇల్లు కాబట్టి స్థానిక కౌన్సిల్ అనుమతి లేకుండా కిటికీలు మార్చకూడదట. సరే, అది ఆవిడ తప్పు కాదు. కానీ అడగ్గానే నవ్వుతూ హీటర్ ఇచ్చి, వెళ్లేరోజు రాత్రికి 6 చొప్పున 12 పౌండ్లు బిల్లులో వేయడమేమిటి? ముందు ఒక్క మాట చెప్పొద్దూ! మావారు "పోనీలే" అన్నారు, ఆయనకేం, ఉన్ని టోపీ ఉంది. "ఇంత ఇల్లు కట్టుకుని స్వెట్టర్‌తో పడుకోవడమేమిటమ్మాయ్" అని అత్తయ్యగారు రెండు రోజులూ గొణుగుతూనే ఉన్నారు.

కేంబ్రిడ్జి నుంచి నది పక్క పచ్చికలో నడిచి గ్రాంట్‌చెస్టర్ వెళ్లాం, పైసా ఖర్చు లేదు. అక్కడి ఓల్డ్ వికరేజ్ 1685 ప్రాంతంలో కట్టింది. కవి రూపర్ట్ బ్రూక్ అద్దెకున్న ఇల్లు, ఇప్పుడు నవలా రచయిత జెఫ్రీ ఆర్చర్ దంపతులది. సొంత ఇల్లు కాబట్టి లోపలికి వెళ్లడానికి లేదు, ముందున్న బ్రూక్ విగ్రహాన్ని రోడ్డుమీంచే చూశాం. నాకదే హాయిగా అనిపించింది.

ఆ రాత్రి స్టేషన్ దగ్గర అగ్గిపెట్టెల్లాంటి గదులున్న మామూలు హోటల్, 92 పౌండ్లు. అత్తయ్యగారు స్వెట్టర్ తీసేసి పడుకున్నారు.