వైనతేయ పాయలో మూడున్నరేళ్లు: నీటి సెన్సర్లతో నా అనుభవం

అల్లవరం మండలంలో గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ ఒడ్డున మాకు ఆరెకరాల రొయ్యల చెరువులున్నాయి. పాయలోంచి నీరు తోడుకుని వెనామీ రకం రొయ్య సాగు చేస్తాం. 2022 ఏప్రిల్‌లో రెండు సెన్సర్లు కొన్నాను. పెద్దది పాయలో, మోటారు నీరు లాగే చోట తాటి దుంగకు కట్టి ఉంటుంది. ఆక్సిజన్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), ఉప్పుదనం, ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ (నీటి నాచులోని పచ్చ పదార్థం) కొలుస్తుంది. చిన్నది రెండెకరాల చెరువులో ఉంటుంది, ఆక్సిజన్, ఉష్ణోగ్రత మాత్రమే చూస్తుంది. రెండూ పదిహేను నిమిషాలకోసారి మేలుకుని, కొలిచి, సిమ్ కార్డు ద్వారా నా ఫోనుకు అంకెలు పంపి మళ్లీ నిద్రపోతాయి. పైన చిన్న సోలార్ పలక, లోపల బ్యాటరీ. రెండింటికీ కలిపి మూడు లక్షల చిల్లర అయింది.

కొనేటప్పుడు అమ్మినవాళ్లు నాతో అన్న మాట: "పెట్టేసి మరిచిపోండి." ఆ మాట నమ్మి మరిచిపోతే పదో రోజు నుంచి ఈ యంత్రం తప్పుడు అంకెలు పంపుతుంది. ఈ సంగతి ముందే తెలిసినా నేను కొనేవాడిని. ఎందుకంటే రాత్రి చెరువులో ఏం జరుగుతుందో నాకు మొదటిసారి చూపించింది ఇదే.

రొయ్యకు ప్రాణగండం తెల్లవారుజామున. పగలు ఎండలో నీటిలోని ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు) ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్, రొయ్య, అడుగున మిగిలిన మేత, బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి దాన్ని ఖర్చు చేస్తాయి. మూడు, ఐదు గంటల మధ్య డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అట్టడుగుకు దిగుతుంది. మేము ఏళ్ల తరబడి చేతి మీటరుతో సాయంత్రం ఆరింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి చూసేవాళ్లం. మధ్యలో పది గంటలు ఊహే. నాలుగింటికి అంకె తక్కువగా కనిపించేసరికి చాలాసార్లు చేయగలిగింది ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు నేను డీవో ఎంత ఉందన్నదాని కన్నా ఎంత వేగంగా పడుతోందన్నది చూస్తాను. మా చెరువులో బాగా ఎండ కాసిన రోజు రాత్రి గంటకు లీటరుకు 0.3 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజో, ప్లాంక్టన్ చిక్కబడిన రోజో అది రెట్టింపవుతుంది. 2023 అక్టోబరులో మూడు రోజులు వరుసగా ముసురు పట్టింది. మూడో రోజు సాయంత్రం ఆరింటికి డీవో 6.1. చేతి మీటరు రోజుల్లో అయితే ఆ అంకె చూసి నిశ్చింతగా భోజనం చేసేవాళ్లం. ఎనిమిదింటికి 5.0, తొమ్మిదింటికి 4.5. అదే వేగంతో పోతే నడిరాత్రి దాటకుండానే మూడుకు దిగుతుంది. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లను మామూలుగా పన్నెండు దాటాక వేస్తాం, ఆ రోజు అన్నీ తొమ్మిదింటికే వేయించాను.

ఒంటిగంట ఇరవైకి మా కాపలా బాబాయి ఫోను. "బాబూ, కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ చేస్తున్నాను, మీరు లైట్ పట్టుకుని రండి." మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి: 3.8 దగ్గర సాగిపోతున్న గీతలో 3.6కి దిగి మళ్లీ లేచిన చిన్న నొక్కు. తెల్లారేవరకు 3.4 కన్నా కిందికి రాలేదు. పక్క చెరువు వాళ్లు నాలుగింటికి లేచి చూసేసరికి రొయ్య గట్టువారకు తేలి ఉంది. మా దగ్గర అదనంగా ఉన్న రెండు ఏరేటర్లు పంపాం కానీ వాళ్ల నష్టం అప్పటికే జరిగిపోయింది. ఆ ఉదయం వాళ్ల గట్టు మీద నిలబడ్డాక ఈ యంత్రం ఖర్చు గురించి ఇంట్లో మళ్లీ మాట రాలేదు.

ఇది కొలిచే తీరు తెలిస్తే దాని బలహీనత కూడా తెలుస్తుంది. సెన్సర్ కొన మీద గోరంత టోపీ ఉంటుంది, దాని మీద ఒక రంగు పదార్థం పూత. లోపలి నుంచి నీలి కాంతి పడితే ఆ పూత ఎర్రగా వెలుగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే ఆ ఎర్ర వెలుగు అంత త్వరగా ఆరిపోతుంది. ఆరిపోయే సమయాన్ని కొలిచి ఆక్సిజన్ ఎంతుందో లెక్కగడుతుంది. మా పాత చేతి మీటరు పొర ఉన్న రకం. అది కొలిచేటప్పుడే కొంత ఆక్సిజన్‌ను తినేస్తుంది కాబట్టి నీటిలో కదుపుతూ ఉండాలి, పొర మారుస్తూ ఉండాలి. కాంతితో పనిచేసే దానికి ఆ బాధ లేదు. కానీ ఆ టోపీకి తగిలే నీరు చెరువు నీరే అయ్యుండాలి. చిక్కంతా అక్కడే.

2022 మే నెలలో, పాయలో పెట్టిన పదకొండో రోజున పెద్ద సెన్సర్‌ను పైకి లాగాను. చుట్టూ ఉన్న పంజరానికి పచ్చని పాచి పట్టింది, వేలితో తీస్తే జిగురులా సాగుతోంది. దాని మీద బియ్యపు గింజంత తెల్లని గుల్లలు, పడవ అడుగున పట్టేవే, గోరుతో గోకితే ఊడలేదు. పంజరం లోపల రూపాయి బిళ్లంత పీత ఒకటి, ఆక్సిజన్ టోపీని ఆనుకుని కూర్చుంది. అంతకు ముందు రెండు రాత్రులు పాయలో డీవో పడిపోయిందని ఫోను మోగితే నేను నీరు తోడడం ఆపించాను. ఆ రెండు రాత్రులూ నేను కొలిచింది ఆ పీత ఊపిరిని.

పీత సంగతి కంటికి కనిపించింది కాబట్టి సులువు. పాచి చేసేది అంత సులువుగా తెలియదు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను, నీటిలోని ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతి చేతికి వచ్చు. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ సరిచూసుకోవడానికి దాన్ని మించింది నాకు తెలియదు. గాజు సీసా నిండా నీరు తీసుకుని, మాంగనీస్ సల్ఫేట్, క్షారపు అయొడైడ్ వేస్తే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం వేసి కరిగించి, గంజి ద్రావణం నీలి రంగు పోయేవరకు థయోసల్ఫేట్ చుక్కలు లెక్కపెట్టాలి. పాచి పట్టిన సెన్సర్‌ను కడగకుండానే నీటిలో తిరిగి పెట్టి పోల్చాను. మధ్యాహ్నం రెండింటికి సెన్సర్ 9.4 అంది, సీసా 8.1 అంది. తెల్లవారుజామున ఐదింటికి సెన్సర్ 3.1, సీసా 3.9. పగలు ఎక్కువ, రాత్రి తక్కువ! టోపీ మీద పట్టిన పాచి కూడా మొక్కలాంటిదే కదా. పగలు అది తయారుచేసిన ఆక్సిజన్, రాత్రి అది పీల్చుకున్న ఆక్సిజన్ సెన్సర్ లెక్కలో కలిసిపోతున్నాయి. గీత చూస్తే ఎంతో అందంగా, నమ్మేలా ఉంటుంది. అందుకే ఇది మామూలు చెడిపోవడం కన్నా ప్రమాదం.

నడిసముద్రంలో ఇవే సెన్సర్లు ఏళ్ల తరబడి మనిషి చెయ్యి పడకుండా పనిచేస్తున్నాయి కదా, మా పాయలో పది రోజులు ఎందుకు ఆగవు అని చాలాకాలం బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఆర్గో తేలియాడే యంత్రాల గురించి చదివాక సమాధానం దొరికింది. ప్రపంచ సముద్రాల్లో అలాంటివి దాదాపు నాలుగు వేలు తిరుగుతున్నాయి. మన వైపు హిందూ మహాసముద్రంలో, బంగాళాఖాతంలో వాటిని వదిలి, డేటా చూసే పని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రానిది. ఒక్కో యంత్రం వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు సాగుతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, అక్కడి నుంచి కొలుచుకుంటూ పైకి వచ్చి, ఉపగ్రహానికి అంకెలు పంపి మళ్లీ మునుగుతుంది. వాటిలో కొన్ని ఆక్సిజన్, నైట్రేట్, పీహెచ్, క్లోరోఫిల్, నీటిలోని రేణువులు, లోపలికి దిగే వెలుతురు కూడా కొలుస్తాయి. జీవితంలో ఎక్కువ భాగం చలీ చీకటీ ఉన్న లోతులో గడుపుతాయి కాబట్టి వాటికి పాచి పట్టే అవకాశమే తక్కువ. మా దుంగ ఉన్నది ముప్పై డిగ్రీల వేడిలో, ఎండ తగిలే లోతులో, చెరువుల నుంచి, పొలాల నుంచి ఎరువు కలిసి వచ్చే నీటిలో. పాచికి అంతకన్నా ఏం కావాలి?

వాటి నుంచి ఒక పని మాత్రం నేర్చుకున్నాను. ఆక్సిజన్ సెన్సర్‌ను పొడుగాటి కాడ మీద అమర్చిన ఆర్గో యంత్రాలు నీటి పైకి వచ్చినప్పుడు గాలిలో ఆక్సిజన్‌ను కొలుచుకుంటాయి. గాలిలో ఎంత ఉండాలో ముందే తెలుసు కాబట్టి ఎంత తేడా వస్తోందో తేలిపోతుంది. నేను కూడా సెన్సర్ కడిగిన ప్రతిసారీ తడి గుడ్డ చుట్టి, నీడలో పావుగంట గాలిలో ఉంచి చూస్తాను. నూరు శాతం చుట్టుపక్కల రావాలి. రెండు శాతం దాటి తేడా వస్తే సరిచేస్తాను. ఖర్చు లేని పని, కానీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో దీనికి ఒక్క వాక్యమే కేటాయించారు.

ఎండాకాలంలో ఐదు రోజులకోసారి, చలికాలంలో ఎనిమిది రోజులకోసారి కడగాలి. టోపీకి చిన్నపిల్లల మెత్తని టూత్‌బ్రష్, మంచినీరు చాలు; స్పిరిట్, అసిటోన్ తగిలితే పూత పాడవుతుంది. పంజరాన్ని విడదీసి రాత్రంతా వెనిగర్‌లో వేస్తే గుల్లలు వదులవుతాయి. పాయలోని సెన్సర్ పంజరానికి రాగి జాలీ చుట్టాను, పాచి సగానికి సగం తగ్గింది. చెరువులో మాత్రం రాగి వాడను. రొయ్యకు రాగి మంచిది కాదు. ఒక పొరపాటు కూడా చెప్పాలి. రాగి జాలీ అల్యూమినియం బిగింపుకు తగిలేలా కట్టాను. ఉప్పునీటిలో ఆ రెండు లోహాలూ కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. రెండు నెలల్లో బిగింపు తెల్లని పిండిలా రాలింది. యంత్రం తాడు మీద వేలాడుతూ దొరికింది. ఇప్పుడు మధ్యలో రబ్బరు పట్టీ వేస్తున్నాను.

ఉప్పుదనం కొలిచే భాగం నాకు రెండో పెద్ద లాభం. కాలువలు కట్టేసిన మే నెలలో పోటు మీద మా పాయలో ఉప్పు ఇరవై నాలుగు పీపీటీ (వెయ్యి పాళ్లలో ఇరవై నాలుగు పాళ్లు) దాకా పోతుంది. వర్షాలు పడ్డాక రోజురోజుకూ దిగుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో, పాయలో ఉప్పు అర పీపీటీ కన్నా తగ్గిపోయింది. పదకొండు రోజులు పోటు వచ్చినా పాటు వచ్చినా గీత కదల్లేదు, నది ఒత్తిడికి సముద్రం లోపలికి రాలేకపోయింది. వరద కబురు వినగానే, ఉప్పు ఇంకా తొమ్మిది ఉండగానే నిల్వ చెరువు నింపుకున్నాం. ఆ నీటితోనే ఆ పంట గట్టెక్కింది. ఇప్పటికీ అమావాస్య, పున్నమి పోట్లకు ఏ గంటలో ఉప్పు ఎక్కువుందో చూశాకే మోటారు వేస్తాం.

వరదతో ఎర్రనీరు వచ్చి ఉప్పు తగ్గినప్పుడు ఒక జాగ్రత్త. నీటిలో ఉప్పు ఎంత ఎక్కువుంటే ఆక్సిజన్ అంత తక్కువ ఇముడుతుంది. ముప్పై డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు పట్టుకుంటే, ఇరవై పీపీటీ నీరు ఆరుముప్పావు దగ్గర ఆగిపోతుంది. మా చిన్న సెన్సర్‌కు ఉప్పు కొలిచే భాగం లేదు, ఆ అంకె మనమే నింపాలి. ఎండాకాలపు అంకె అలాగే వదిలేస్తే వర్షాకాలంలో డీవో పదో వంతు తక్కువ చూపిస్తుంది. మొదటి ఏడాది అనవసరంగా కాల్చిన డీజిల్‌లో ఈ తప్పు వాటా ఉంది.

క్లోరోఫిల్ భాగం కోసం అదనంగా డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను. నీలి కాంతి వేసి, ప్లాంక్టన్ తిరిగి ఇచ్చే ఎర్రని మెరుపు చూసి ఇది లెక్క కడుతుంది. మధ్యాహ్నం ఎండ తీవ్రతకు ప్లాంక్టన్ ఆ మెరుపును తగ్గించుకుంటుంది. అప్పుడు ప్లాంక్టన్ చచ్చిపోయిందేమో అన్నట్టు గీత కిందికి వస్తుంది. రాత్రి అంకెలే నమ్మాలని అర్థం చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. వరద బురదలో అయితే రాత్రి అంకెలు కూడా పనికిరావు. పీహెచ్ భాగం బాగానే ఉంది. గాజు కొన ఏడాదిన్నరకు మందగించింది, మార్చాను. విప్పి పక్కన పెట్టేటప్పుడు పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టి మొదటి కొనను నేనే పాడుచేశాను.

తయారీదారు మీద నాకు రెండు ఫిర్యాదులున్నాయి. 2023లో ఆక్సిజన్ టోపీ గడువు తీరితే కొత్తది రావడానికి నలభై ఏడు రోజులు పట్టింది, సరిగ్గా పంట మధ్యలో. రెండోది ఇంకా పెద్దది: ఫోనులో గీత చూడొచ్చు కానీ అసలు అంకెలు దించుకునే వీలు రెండేళ్ల దాకా ఇవ్వలేదు. నా చెరువు నీటి లెక్క నా చేతికి రాకపోతే ఎలా? ఎన్నో ఉత్తరాలు రాశాక ఇచ్చారు. కొనేవారు డబ్బు కట్టకముందే ఈ సంగతి కాగితం మీద రాయించుకోండి.

రెండు ఎకరాల లోపు రైతుకు ఒక్కడికే ఇది భారం. మా ఊళ్లో ఒకే పాయలోంచి నీరు తోడే ఏడుగురం ఉన్నాం. పెద్ద సెన్సర్ అంకెలు అందరి ఫోన్లకూ వెళ్లేలా నిరుడు ఏర్పాటు చేశాను, కడిగే పని వంతులవారీగా పంచుకున్నాం. చిన్నది మాత్రం ఎవరి చెరువుకు వారికే ఉండాలి. పక్క చెరువు వాళ్లు ఈ సంక్రాంతికి ఒకటి కొన్నారు. బిగించేటప్పుడు బాబాయి వెళ్లి, టూత్‌బ్రష్ ఎలా పట్టాలో వాళ్ల అబ్బాయికి చేయి పట్టుకుని చూపించి వచ్చాడు. నేను ఈసారి రెండు టోపీలు ముందే తెప్పించి ఇంట్లో, ఎండ తగలని చోట పెట్టుకున్నాను.