మెకానికల్ కీబోర్డు శబ్దం నాలుగు మైకుల్లో: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కింద విడి స్విచ్ ఉండే కీబోర్డు, కొనదలచినవారు ముందుగా చేసే పని దాని శబ్దం వినిపించే వీడియోలు వెతకడం. కీ నొక్కి చూసి కొనే వీలున్న దుకాణాలు మన పట్టణాల్లో తక్కువ కాబట్టి, వేలకు వేలు పోసే ముందు చెవికి దొరికే ఆధారం అదొక్కటే. అయితే ఆ వీడియోలో మన చెవికి చేరేది కీబోర్డుతో పాటు దాన్ని పట్టిన మైకు, ఆ మైకు పెట్టిన దూరం, గది గోడలు, రికార్డింగుకు పెట్టిన గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలన్న అమరిక) అన్నీ కలగలిసిన శబ్దం. మూడు కీబోర్డులను నాలుగు మైకులతో చాలాకాలంగా రికార్డు చేస్తూ వచ్చాను. ఈ ఒక్క పనికి ఏ మైకు ఎంతవరకు పనికొస్తుందో ఆ అనుభవం మీద ఇక్కడ రాస్తున్నాను. పాటకూ మాటకూ ఇవే మైకులు ఎలా ఉంటాయన్నది వేరే సంగతి, దాని జోలికి పోవడం లేదు.

కీబోర్డుల్లో మొదటిది టీవీఎస్ గోల్డ్. బ్యాంకు కౌంటర్లలో, ప్రభుత్వ కార్యాలయాల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి టకటకలాడిన కీబోర్డు కావడంతో దాని పేరు తెలియని వారికి కూడా దాని శబ్దం తెలుసు. అందులో ఉండేవి నొక్కినప్పుడు క్లిక్‌మనే చెర్రీ ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లు. రెండవది క్లిక్ లేకుండా నొక్కు మధ్యలో చిన్న తట్టు మాత్రం తగిలే చెర్రీ ఎంఎక్స్ బ్రౌన్ స్విచ్‌లున్న ప్లాస్టిక్ బాడీ కీబోర్డు. మూడవది నేను బిగించుకున్నది: బరువైన అల్యూమినియం బాడీ, మెత్తని గాస్కెట్ల మీద నిలిచిన ప్లేటు (స్విచ్‌లను పట్టి ఉంచే పలక), చేత్తో ల్యూబ్ (కందెన) పూసిన, క్లిక్ లేకుండా నునుపుగా దిగే లీనియర్ స్విచ్‌లు, మందపాటి పీబీటీ ప్లాస్టిక్ కీక్యాప్‌లు. ఒకదాని శబ్దానికి మరొకదానితో పోలిక లేదు కాబట్టే ఈ మూడింటినీ ఎంచుకున్నాను.

ఒక కీ నొక్కితే ఒక శబ్దం పుడుతుందని అనుకుంటాం గానీ, రికార్డింగును ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి తరంగాన్ని బాగా పెద్దది చేసి చూస్తే ఒక్కో నొక్కులో రెండు మూడు దెబ్బలు విడివిడిగా కనిపిస్తాయి. ఎంఎక్స్ బ్లూలో కీ సుమారు 2.2 మిల్లీమీటర్లు దిగే ప్రాంతంలో, కీని మోసే కాడ చుట్టూ ఉన్న చిన్న ప్లాస్టిక్ తొడుగు ఒక్కసారిగా కిందికి జారి కొట్టుకుంటుంది. మనం క్లిక్ అనేది దాన్నే. 4 మిల్లీమీటర్ల దగ్గర కాడ స్విచ్ అడుగును తాకుతుంది, ఆ దెబ్బ ప్లేటుకూ బాడీకీ పాకుతుంది. వేలు తీసినప్పుడు కాడ పైకి లేచి పైమూతకు తగులుతుంది. క్లిక్ చాలా క్లుప్తమైనది, పై పౌనఃపున్యాలది. అడుగు దెబ్బలో మాత్రం కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర ఒక నిండుదనం ఉంటుంది, కీబోర్డు ప్రియులు 'థాక్' అని మురిసిపోయేది ఆ నిండుదనానికే. వీటికి తోడు స్ప్రింగు లోలోపల సన్నగా మోగుతుంది, స్పేస్‌బార్, ఎంటర్ వంటి పెద్ద కీలను సమంగా దించే స్టెబిలైజర్ తీగ గలగలమంటుంది. ఈ పొరల్లో దేన్ని ముందుకు తెస్తుంది, దేన్ని వెనక్కి నెడుతుంది అన్నదాన్ని బట్టే మైకుకూ మైకుకూ తేడా.

ముందుగా సెల్‌ఫోను మైకు సంగతి. ఎక్కువ మంది రికార్డు చేసేది దానితోనే, ఎక్కువగా దారి తప్పించేదీ అదే. ఫోనులోని చిన్న మెమ్స్ మైకు స్వతహాగా చెడ్డది కాదు. దాని వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్ మనిషి మాట కోసం తయారైంది కాబట్టి శబ్దం పెరిగితే గెయిన్ తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. టీవీఎస్ గోల్డ్ మీద వేగంగా టైపు చేస్తే మొదటి రెండు మూడు క్లిక్‌లు ఎత్తుగా పడి, తర్వాతివి అణిగిపోతాయి. టైపింగు ఆపగానే వీధిలో శబ్దం మెల్లగా పైకి తేలుతుంది. ల్యూబ్ చేసిన లీనియర్ దగ్గర దీనికి తలకిందులుగా, నెమ్మదైన శబ్దాన్ని ఫోను పైకి లాగి చూపిస్తుంది. ఎదురుగా వింటే ఎంతో తేడా ఉన్న ఈ రెండు కీబోర్డులు ఫోను రికార్డింగులో దాదాపు ఒకే ఎత్తున వినిపించడానికి కారణం ఇదే. ఆటోమేటిక్ గెయిన్ ఆపేసే వీలున్న రికార్డింగు యాప్ వాడితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. వీడియో కాల్‌లో విని ఒక కీబోర్డును మెచ్చుకోవడం గానీ తిట్టుకోవడం గానీ అసలే కూడదు, ఎందుకంటే అక్కడి నాయిస్ సప్రెషన్ తీసేయాలనుకునే శబ్దాల్లో కీబోర్డుదే ముందువరస.

రెండవది షూర్ ఎస్ఎం57. 1965లో వచ్చిన ఈ డైనమిక్ మైకు నేటికీ స్నేర్ డ్రమ్ముల ముందూ గిటార్ యాంప్లిఫైయర్ల ముందూ కనిపిస్తుంది. కంపెనీ చెప్పే పరిధి 40 నుంచి 15,000 హెర్ట్జ్ వరకు. కింది స్వరాల్లో కొంత తగ్గుదల, 5, 6 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో స్పష్టమైన ఎత్తు దాని స్వభావం. ఎంఎక్స్ బ్లూ క్లిక్‌లోని పదునుకు ఆ ఎత్తు మరింత పదును పెడుతుంది. టీవీఎస్ గోల్డ్‌ను దీనితో రికార్డు చేస్తే ప్రతి అక్షరం విడివిడిగా, మెరుపులా పడుతుంది, వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది. అయితే అంత మెరుపు ఎదురుగా కూర్చుని వినేవారికి వినబడదు. అల్యూమినియం కీబోర్డు విషయంలో ఈ మైకు మరో తీరుగా ప్రవర్తిస్తుంది. ఓ అడుగు దూరంలో పెడితే ఆ నిండుదనం పలుచబడి ప్లాస్టిక్ కీబోర్డేమో అనిపిస్తుంది. బాగా దగ్గరికి తెస్తే, ఒక దిశ నుంచి వినే మైకుల్లో చాలావాటికి ఉండే సామీప్య ప్రభావం వల్ల కింది స్వరాలు పెరిగి, లేని గాంభీర్యం వచ్చి చేరుతుంది. ఇంత మార్పు కొన్ని అంగుళాల తేడాలోనే జరుగుతుంది.

రోడ్ ఎన్‌టీ1-ఎ పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైకు, కేబుల్ ద్వారానే అందే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) కావాలి. దాని సొంత రొద 5 డెసిబెల్స్ మాత్రమే. సున్నితత్వంలో ఎస్ఎం57కూ దీనికీ సుమారు 24 డెసిబెల్స్ తేడా ఉంది, అంటే అంత తక్కువ గెయిన్‌తో అంతే శబ్దం దొరుకుతుంది. నెమ్మదైన లీనియర్ కీబోర్డును రికార్డు చేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఎస్ఎం57తో గెయిన్‌ను చివరిదాకా తిప్పాల్సి వచ్చే చోట ఇది సగం కూడా దాటకుండానే స్ప్రింగు మోతను వినిపిస్తుంది. కీబోర్డులోని లోపాలు పట్టుకోవడానికి నా దగ్గరున్న వాటిలో ఇంతకు మించినది లేదు. అల్యూమినియం కీబోర్డులో ఎడమ షిఫ్ట్ కింద స్టెబిలైజర్ తీగ ఒక చివర మాత్రమే గలగలమంటోందని చెవికి తెలియకముందే ఈ రికార్డింగులో తెలిసింది. ఆ చివర ల్యూబ్ పూసి మళ్లీ రికార్డు చేస్తే స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ క్షణాన ఏ పౌనఃపున్యాలున్నాయో చూపే బొమ్మలో) ఆ దెబ్బల నిలువు గీతల వెంట ఉన్న తోక మాయమైంది. అంత సున్నితమైన మైకు గదిని కూడా వదలదు. సీలింగ్ ఫ్యాను, పక్కింటి బోరు మోటారు, ఫ్రిజ్ కంప్రెసర్ అన్నీ వచ్చి చేరతాయి, కాబట్టి ఎండాకాలంలో ఫ్యాను ఆపి రికార్డు చేయగలిగే వేళ తెల్లవారుజామే. ఇది పక్క నుంచి వినే మైకు. ఏది ముందువైపో తెలిపే బంగారు రంగు చుక్క కీబోర్డు వైపు ఉండాలి. కొనను కీబోర్డుకు గురిపెట్టి రికార్డు చేస్తే పై పౌనఃపున్యాలు మసకబారి, మైకు మొద్దుదని అపోహ పడతాం.

నాలుగవది అరచేతిలో ఇమిడే స్టీరియో రికార్డరు, 90 డిగ్రీల కోణంలో ఒకదాని మీదుగా ఒకటి చూసే రెండు కండెన్సర్ మైకులున్నది. నెమ్మదైన కీబోర్డుకు గెయిన్ పెంచితే దాని సొంత రొద సన్నగా వినబడుతుంది, ఆ ఒక్క విషయంలో ఎన్‌టీ1-ఎ ముందు నిలవదు. అయినా దీని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏర్పడింది. నా తల ఉండే చోట, చెవుల ఎత్తున స్టాండుకు బిగించి రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వింటే, చేతులు కళ్ల ముందు కదులుతున్నట్టే ఉంటుంది. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీ అమరికలో టైపు చేస్తాను. అందులో గుణింతపు గుర్తులూ పొల్లూ ఎడమచేతి కింద, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి కింద ఉంటాయి. 'క్క' అని కొడితే కుడి నుంచి ఒక దెబ్బ, ఎడమ నుంచి పొల్లు, మళ్లీ కుడి నుంచి ఒక దెబ్బ. ఒత్తులు మెండుగా ఉన్న తెలుగు వాక్యం ఈ రికార్డింగులో కుడి ఎడమల మధ్య ఊగుతూ నడుస్తుంది. మోనో మైకు ఎంత ఖరీదైనదైనా ఈ అనుభూతి ఇవ్వలేదు, కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి నిజంగా వినబడేది ఇదే.

దూరం గురించి మరికాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మైకు మార్చడం కన్నా దూరం మార్చడం వల్ల వచ్చే తేడాయే ఎక్కువని నాకు మళ్లీ మళ్లీ రుజువైంది. టైపు చేసే మనిషి చెవి కీల నుంచి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. శబ్దం వినిపించే వీడియోల్లో మైకు తరచుగా 15 సెంటీమీటర్లలోనే ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది కాబట్టి ఈ రెండు చోట్ల మధ్య 12 డెసిబెల్స్ తేడా. గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దం మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అందువల్ల దగ్గరి రికార్డింగులో కీబోర్డు ఒక్కటే వినిపిస్తుంది, చెవి దగ్గరి రికార్డింగులో కీబోర్డూ గదీ కలిసి వినిపిస్తాయి. కాంక్రీటు శ్లాబు, టైల్స్ నేల, బోసి గోడలున్న మన గదుల్లో ఈ రెండవ భాగం చిన్నది కాదు. ఎస్ఎం57నూ ఎన్‌టీ1-ఎనూ పక్కపక్కన 60 సెంటీమీటర్ల దగ్గర పెట్టి చేసిన రికార్డింగులు, ఒకే ఎన్‌టీ1-ఎను 15, 60 సెంటీమీటర్ల దగ్గర పెట్టి చేసిన రికార్డింగుల కన్నా ఒకదానికొకటి ఎంతో దగ్గరగా ఉన్నాయి. గోడకు ఒక బొంత వేలాడదీస్తే ఆ కొద్దిపాటి తేడా ఇంకా తగ్గింది.

టేబుల్ మరో సమస్య. మైకు స్టాండును కీబోర్డున్న టేబుల్ మీదే పెడితే ప్రతి నొక్కూ చెక్క గుండా స్టాండులోకి ఎక్కి, గాలి గుండా రాని ఒక బరువైన దబ్బు రికార్డవుతుంది. వినేవారు అది కీబోర్డు నిండుదనమే అనుకుంటారు. టేబుల్ అంచుకు బిగించే బూమ్ ఆర్మ్‌తోనూ ఇదే తంటా. నేల మీద నిలిచే స్టాండు, అదురు మైకుకు చేరకుండా ఆపే షాక్ మౌంటు, కీబోర్డు కింద మందపాటి డెస్క్ మ్యాట్ ఉంటే సరిపోతుంది.

ఇక పోలిక న్యాయంగా ఉండాలంటే ప్రతి కీబోర్డు మీదా ఒకే వాక్యాలను అదే వేగంతో టైపు చేయాలి. ఐబీఎం పరిశోధకులు దిమిత్రి అసోనోవ్, రాకేశ్ అగ్రవాల్ 2004లోనే శబ్దాన్ని బట్టి ఏ కీ నొక్కారో కంప్యూటరు చేత గుర్తింపజేశారు. ప్లేటు డోలు చర్మంలా పనిచేస్తుందనీ, దాని మీద దెబ్బ పడిన చోటును బట్టి నాదం మారుతుందనీ వారి వివరణ. అలాంటప్పుడు ఒక కీబోర్డు మీద అంచు కీలు, ఇంకోదాని మీద మధ్య కీలు ఎక్కువగా కొట్టి రెండింటినీ పోల్చడంలో అర్థం లేదు.

అంతకన్నా ముఖ్యం గెయిన్ మార్చకపోవడం. రికార్డింగులన్నీ సమానమైన ఎత్తుకు తెచ్చి వినిపించడం చాలామందికి అలవాటు. అలా చేస్తే నెమ్మదైన కీబోర్డుకు ఉన్న అసలైన గుణం, అంటే నెమ్మదితనం, పోలికలో నుంచే తప్పుకుంటుంది. రాత్రివేళ పక్కన పిల్లలు నిద్రపోతుండగా పనిచేసేవారికి కావలసిన సమాచారం సరిగ్గా అదే. అందుకే నేను ప్రతి రికార్డింగు మొదట్లో, అదే గెయిన్‌తో, అదే చోట నుంచి టీవీఎస్ గోల్డ్ మీద రెండు వాక్యాలు టైపు చేసి వినిపిస్తాను. వినేవారు తమ ఫోనులో ఆ పరిచితమైన శబ్దం ఎంత ఎత్తున ఉందో చూసుకుని, తర్వాత వచ్చే కీబోర్డును దానితో తూచుకోవచ్చు. ఆటోమేటిక్ గెయిన్ లేకుంటే ఏ మైకు వాడినా ఈ కొలమానం చాలావరకు పనిచేస్తుంది, ఎందుకంటే మైకు స్వభావం రెండింటి మీదా ఒకేలా పడుతుంది. వినేటప్పుడు ఫోను స్పీకరు మాత్రం వద్దు. కొన్ని వందల హెర్ట్జ్ కిందికి అది సరిగా పలకదు కాబట్టి, ఎంత జాగ్రత్తగా రికార్డు చేసినా అల్యూమినియం కీబోర్డులోని నిండుదనం అక్కడికి చేరేసరికి మిగలదు. మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు.

కొనదలచినవారికి నా సలహా ఇది. స్విచ్‌లు విప్పి ల్యూబ్ పూసి సరిచేసుకునే పని చేసేవారు ఎన్‌టీ1-ఎ వంటి తక్కువ రొద ఉన్న కండెన్సర్ తీసుకోవాలి. శబ్దం ఎలా ఉంటుందో ఇతరులకు వినిపించదలచినవారికి చెవి ఎత్తున పెట్టిన స్టీరియో రికార్డరే మేలు. ఎస్ఎం57 ఇప్పటికే ఇంట్లో ఉంటే క్లిక్ స్విచ్‌లకు నిక్షేపంగా వాడుకోవచ్చు గానీ, ఈ పని కోసమే దాన్ని కొనమని చెప్పను. చేతిలో ఫోను తప్ప ఏమీ లేనివారు ఆటోమేటిక్ గెయిన్ ఆపే యాప్ ఒకటి పెట్టుకుని, ఫోనును టేబుల్ మీద కాకుండా తల పక్కన ఏ పుస్తకాల అర మీదో ఆనించి, ముందు అందరికీ తెలిసిన కీబోర్డు ఒకటి వినిపించి రికార్డు చేస్తే, ఖరీదైన మైకును కీల మీదకు వంచి చేసిన చాలా వీడియోల కన్నా అది కొనేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.