చిన్నపిల్లలతో క్రిస్మస్ ఎదురుచూపు: కొవ్వొత్తులా, పశువుల పాకా?

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో పిల్లలకు యేసు పుట్టుక గురించి చెప్పడానికి ఏది మేలు: ఆదివారానికో కొవ్వొత్తి వెలిగించడమా, యేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో పెట్టడమా?

ఖర్చు: నాలుగైదు కొవ్వొత్తులు చాలు. పాక బొమ్మలు కొంటే ఎక్కువే, అట్టముక్కలతో చేస్తే దాదాపు ఏమీ కాదు.

శ్రమ: కొవ్వొత్తులకు వారానికి పది నిమిషాలు, చిన్న ప్రార్థన. పాకకు రోజూ కూర్చోవాలి, కానీ మరియ, యోసేపు బొమ్మలను గది ఆ మూల నుంచి రోజుకో అడుగు జరుపుతూ బాల యేసును పడుకోబెట్టే తొట్టిని మాత్రం డిసెంబర్ 24 రాత్రి దాకా ఖాళీగా ఉంచితే, ఎదురుచూడటం అంటే ఏంటో పిల్లలకే తెలుస్తుంది. నాకు ఇదే చాలా ఇష్టం. 1223లో ఇటలీ సన్యాసి అస్సీసి ఫ్రాన్సిస్ కూడా నిజమైన ఎద్దు, గాడిదలతో యేసు పుట్టుకను ఇలాగే కళ్లకు కట్టించారు.

రిస్క్: మంట దగ్గర పెద్దవాళ్లు ఉండాల్సిందే. చిన్న బొమ్మలైతే నోట్లో పెట్టుకుంటారు.

మూడేళ్లలోపు పిల్లలుంటే పెద్ద బొమ్మలతో పాకే పెట్టండి. నాలుగు కొవ్వొత్తులు సూచించే నిరీక్షణ, సమాధానం (శాంతి), సంతోషం, ప్రేమ అంటే ఏంటని అడిగే వయసొస్తే కొవ్వొత్తులు. రోజూ టైమ్ దొరకని ఇంటికీ అవే నయం.