ఆదుర్రులో వైశాఖ పౌర్ణమి, గట్టు మీద గది బిల్లు

కొలంబోలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మా ఇంట్లో బుద్ధ పూర్ణిమ, అక్కడివాళ్ల మాటలో వెసాక్, కూడా సొంత పండగైపోయింది. వైశాఖ పౌర్ణమికి అక్కడ ఇంటింటికీ కాగితపు లాంతర్లు, కూడళ్లలో జాతక కథల బొమ్మలతో రంగు బల్బుల తోరణాలు. మా ఆవిడకు అన్నిటికన్నా నచ్చేది దన్సల్. ముక్కూమొహం తెలియనివాళ్లు రోడ్డు మీద ఆపి మరీ అన్నం, ఐస్‌క్రీమ్, షర్బత్ చేతిలో పెడతారు. పైసా పుచ్చుకోరు.

ఈసారి పౌర్ణమికి సెలవు మీద కోనసీమలో ఉన్నాం. ఆదుర్రు స్తూపం దగ్గరకు వెళ్దామన్నాను. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ అక్కడ పునాది వేసిందని మావైపు చెప్పుకుంటారు. ఆవిడ బోధి మొక్క తెచ్చిందని శ్రీలంకలో డిసెంబరు పౌర్ణమి చేసుకుంటారు. మా అత్తయ్యగారు మాత్రం ‘అంతర్వేది ఉండగా ఆ దిబ్బ దగ్గరికెందుకు బాబూ’ అంటూనే కారెక్కారు.

రాత్రి బస రాజోలు దగ్గర, గోదావరి గట్టు మీద ఒక లాడ్జిలో. ఫోన్లో 2,400 అన్నవాడు వెళ్లాక 3,200 అన్నాడు. ఇదేంటంటే, ‘పౌర్ణమండి, రేటు అలాగే ఉంటాదండి, ఆయ్’ అని అతి మర్యాదగా జవాబు. అత్తయ్యగారికి వేసిన పల్చటి పరుపుకు 500. శాకాహారం అడిగితే చిన్న గిన్నెడు పప్పు, 220 రూపాయలు. పదింటికి కరెంటు పోయింది. జనరేటర్ మీద ఫ్యాన్లే తిరుగుతాయట, ఏసీ కాదట. మే నెల ఉక్కలో ఆ ఫ్యాను వేడిగాలి కొడుతుంటే పాప ఏడుపు, మా ఆవిడ మౌనం. ఆ మౌనమే నాకు ఎక్కువ టెన్షన్. పొద్దున బిల్లులో ‘రివర్ వ్యూ’ పేరుతో ఇంకో 300. కిటికీ తెరిస్తే కనిపించేది రొయ్యల చెరువు! వాటి ఏరియేటర్లకు తెల్లవార్లూ జనరేటర్ ఆడింది, మా ఏసీకి ఆడలేదు. గొడవపడితే ఆ 300 తగ్గించారు, పప్పు డబ్బులు మాత్రం వదల్లేదు.

మామిడికుదురు మీదుగా ఆదుర్రుకు ఆటో రానూపోనూ 600, వెయిటింగ్‌తో కలిపి. ఊళ్లో దుబరాజు గుడి అని అడిగినా దారి చెబుతారు. గోదావరి వైనతేయ పాయకు దగ్గర్లో, కొబ్బరి తోటల మధ్య పాత ఇటుకల కట్టడం. బండి చక్రంలో ఆకుల్లా గోడలు. కొలంబో స్తూపాల తెల్లటి మెరుపు చూసిన కళ్లకు మొదట ఇంతేనా అనిపిస్తుంది, కానీ తొందరపడి వెనక్కి తిరక్కండి.

మేం వెళ్లేసరికి తెల్ల బట్టల్లో కొందరు కుర్రాళ్లు, ఆడవాళ్లు అంబేడ్కర్ ఫొటో పక్కన జెండా కట్టి ‘బుద్ధం శరణం గచ్ఛామి’ అంటున్నారు. ‘నాన్నా, మన స్కూలు జెండా!’ అని పాప అరిచింది. రంగుల చారల బౌద్ధ పతాకం అది. కొలంబోలో 1885 వెసాక్‌కు మొదటిసారి ఎగిరింది. పాప మాట విని ఒక పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి పులిహోర, మజ్జిగ ఇచ్చారు. చందా ఇవ్వబోతే ‘అన్నం పెట్టి డబ్బులు తీసుకుంటామా అండి’ అని కోప్పడ్డారు. పులిహోరలో ఇంగువ ఘాటు, జీడిపప్పు బదులు వేరుశనగ. అత్తయ్యగారు రెండోసారి అడిగి పెట్టించుకుని, ఆ పెద్దావిడతో మోకాళ్ల నొప్పుల కబుర్లలో పడ్డారు. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టినా లేవలేదు.

తర్వాత అప్పనపల్లి, మర్నాడు అంతర్వేది. రెండూ సాఫీగా జరిగాయి.

వెళ్లేవాళ్లు అమలాపురంలో దిగండి. గట్టు మీద గదుల జోలికి పోవద్దు. అంతకీ ఉండాలంటే ముందు రేటు మెసేజ్‌లో రాయించుకోండి, ఏసీకి జనరేటర్ ఉందో లేదో అడగండి. ఎనిమిదింటికల్లా స్తూపం దగ్గర ఉండండి, పదయ్యాక ఎండకు నిలవలేరు. తిరుగు రైలు నరసాపురంలో అయితే సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్ని, బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ పాయ దాటెయ్యండి. రోడ్డున చుట్టి వస్తే టాక్సీవాడు మమ్మల్ని 1,900 అడిగాడు.