ఫాక్స్‌ప్రో వదిలి రెండేళ్లు దాటింది: సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్లని ఎంచుకోవడంలో నా అనుభవం

మాది రాజమండ్రిలో మందుల హోల్‌సేల్. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు వైపు మెడికల్ షాపులకి సరుకు వేస్తాం. 1998లో నాన్నగారు ఒక కుర్రాడి చేత ఫాక్స్‌ప్రోలో (డాస్ కాలం నాటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్) బిల్లింగ్ రాయించారు. రాసినవాడు అమెరికా వెళ్లిపోయాడు, ప్రోగ్రాం మా దగ్గర ఉండిపోయింది. 2005లో వ్యాట్ వచ్చినప్పుడు ఒకాయన, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఇంకొకాయన దానికి అతుకులు వేశారు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. మౌస్ ముట్టుకునే పనే లేదు. నిజం చెప్పాలంటే, అంత చురుగ్గా నడిచే బిల్లింగ్ నేను ఇప్పటికీ చూడలేదు.

మార్చక తప్పని పరిస్థితి రెండు వైపుల నుంచి వచ్చింది. ఆ డాస్ ప్రోగ్రాం ఇప్పటి కంప్యూటర్లలో ఉండే 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. అందుకని ఒక పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌ని బతికించుకుంటూ వచ్చాం. అది ఆగిపోయిన ప్రతిసారీ సెకండ్ హ్యాండ్ మదర్‌బోర్డు కోసం వెతుకులాట. ఫాక్స్‌ప్రో ఆఖరి వెర్షన్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్టు కూడా 2015 జనవరితో అయిపోయింది. ఇక రెండోది ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లందరికీ తప్పనిసరి అన్నారు. మాది ఆ గీత దాటింది. షాపులకి ఇచ్చే ప్రతి బిల్లు మీదా క్యూఆర్ కోడ్ రావాలి. నల్ల తెరకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మొదట తప్పు మనుషుల్ని ఎంచుకున్నాను. పేరు చెప్పను, హైదరాబాద్ కంపెనీ. డెమోలో రంగురంగుల గ్రాఫులు, ఫోన్‌లో అమ్మకాలు, అన్నీ చూపించారు. నేను పడిపోయాను. అడ్వాన్సు కట్టేశాను. మా పాత ప్రోగ్రాంని వాళ్లు ఒక్కసారైనా తెరిచి చూడలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. డేటా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, నెల తర్వాత కొత్త దాంట్లోకి ఎక్కించి తెచ్చారు.

మా వైపు వాడపల్లి వెంకన్న దయవల్ల మేం సరుకు వేసే షాపుల్లో శ్రీ వెంకటేశ్వర మెడికల్స్ అన్న పేరుతోనే పదకొండున్నాయి. పాత ప్రోగ్రాంలో పేరు ఒకటే, కోడ్‌లో ఊరు వేరు. వీళ్లు ఆ పదకొండునీ కలిపి ఒక్క ఖాతా చేసేశారు. "డూప్లికేట్లు క్లీన్ చేశాం సార్" అని సంతోషంగా చెప్పారు. రాజోలు ఆయన బాకీ, కొత్తపేట ఆయన బాకీ అన్నీ ఒక్క కుప్ప. మా బిల్లింగ్ బాబాయి (ఇరవై రెండేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు, మాకు చుట్టం కాదు గానీ అందరికీ బాబాయే) ఆ తెర చూసి "బాబూ, ఇక వసూలుకి నువ్వే వెళ్లాలి" అన్నాడు. అడ్వాన్సు వదులుకున్నాను. దాంతో పాటు నాలుగు నెలలు కూడా పోయాయి.

రెండోసారి డెమో అడగలేదు. వచ్చిన ముగ్గురికీ ఒకటే మాట చెప్పాను: ముందు మా కొట్లో రెండు రోజులు కూర్చోండి, కావాలంటే దానికి డబ్బిస్తాను. ఒకరు "స్కోప్ డాక్యుమెంట్ మెయిల్ చెయ్యండి" అన్నారు. ఒకరు వచ్చారు గానీ గంటసేపూ ఫోన్‌లోనే ఉన్నారు. మూడోది కాకినాడలో ఐదుగురు మనుషులున్న చిన్న ఆఫీసు. అక్కడి నుంచి వచ్చినావిడ బాబాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "అన్నిటికన్నా ఎక్కువ గొడవయ్యే బిల్లు ఏదండీ? అది కొట్టి చూపించండి" అని అడిగింది.

బాబాయి హాఫ్ స్కీమ్ బిల్లు కొట్టాడు. పది స్ట్రిప్పులకి ఒకటి ఫ్రీ అనుకోండి. షాపాయన ఐదే తీసుకుంటే అర స్ట్రిప్పు కోసి ఇవ్వలేం. ఆ సగం విలువ బిల్లులో డిస్కౌంటుగా తగ్గాలి. పాత ప్రోగ్రాం ఆ లెక్క తనంతట తనే వేసేది. ఎక్కడ, ఎలా వేస్తోందో నాకు తెలీదు, రాయించిన నాన్నగారికీ గుర్తు లేదు. ఆవిడ రెండు రోజుల్లో ఇలాంటివి పద్నాలుగు రాసుకుంది. ఎక్స్‌పైరీ సరుకు వాపసు, బ్యాచ్ ఒకటే అయినా ఎమ్మార్పీ మారిన సరుకు, పైసల రౌండింగ్ అన్నీ అందులో ఉన్నాయి. వీళ్లకే పని ఇవ్వాలని ఆ సాయంత్రమే అనుకున్నాను. వాళ్ల కొటేషన్ ముగ్గురిలో తక్కువేం కాదు.

ఒప్పందంలో మా ఆడిటర్ గారు పట్టుబట్టి మూడు మాటలు రాయించారు. మా డేటా ఎప్పుడు అడిగినా ఎక్సెల్‌లో మొత్తం ఇవ్వాలి. మా కోసం ప్రత్యేకంగా రాసిన భాగాల సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) మాకు ఇవ్వాలి. 30 శాతం డబ్బు, పాతదీ కొత్తదీ నెల రోజులు పక్కపక్కన నడిచి లెక్కలు కలిశాకే.

ఆ నెల, 2023 జూలై, నరకం. ప్రతి బిల్లూ రెండుసార్లు కొట్టాలి. రాత్రి తొమ్మిదింటికి అమ్మకం మొత్తం, బాకీల మొత్తం, బ్యాచ్‌వారీ నిల్వ మూడూ సరిచూసుకునేవాళ్లం. మొదటి వారమంతా రోజూ కొన్ని పైసల తేడా. పాతది ప్రతి వస్తువు దగ్గరా రౌండ్ చేస్తోందనీ, కొత్తది బిల్లు చివర చేస్తోందనీ ఐదో రోజుకి తేలింది. ఆ టెన్షన్‌లో నేను చాలాసార్లు అరిచాను. ఆవిడ మాత్రం తేడా వచ్చిన బిల్లు నంబరు అడిగి ఫోన్ పెట్టేసేది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత దాంట్లో పన్ను రేటు వస్తువు పక్కన ఒకే గడి. అది మారిస్తే వెనకటి బిల్లుల మీద వాపసులన్నీ కొత్త రేటుకి వచ్చేసేవి. కానీ 12తో వేసిన బిల్లుకి క్రెడిట్ నోటు (వాపసుకి ఇచ్చే చీటీ) కూడా 12తోనే వెయ్యాలి. వీళ్లు మొదట్లోనే రేటుని తేదీవారీగా పెట్టారు. దీనికెందుకు అదనంగా డబ్బు అని అప్పట్లో నేను బేరమాడాను కూడా. 22న సోమవారం పొద్దున్నే మామూలుగా కొట్టు తీశాం. చుట్టుపక్కల కొట్లలో ఆ రోజు మధ్యాహ్నం దాకా బిల్లులు కాలేదు.

లోటుపాట్లు లేకపోలేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో గీతలు సరిగ్గా పడేసరికి ఆరు వారాలు పట్టింది. సేల్స్ కుర్రాళ్ల ఫోన్ యాప్ ఊళ్లలో సిగ్నల్ లేకపోతే ఆర్డరు మింగేస్తుంది, ఇప్పటికీ పూర్తిగా కుదరలేదు. చిన్న రిపోర్టు అడిగినా విడిగా డబ్బులు తీసుకుంటారు. ఆదివారం ఫోన్ ఎత్తరు. నెలాఖరు ఆదివారం పడిందంటే మాకు పండగే. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది, పోయిన ఏడాది చివర్లో ఆవిడ ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోవడం. 1998 కథే మళ్లీ మొదలైందనుకున్నాను.

ఏఎమ్‌సీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు) కట్టే ముందు కాకినాడ ఫోన్ చేసి, కొత్త మనిషి ఎవరైనా సరే ముందు మా కొట్లో రెండు రోజులు కూర్చోవాలన్నాను. ఒక కుర్రాణ్ని పంపారు. ఇది రాసే సమయానికి బాబాయి పక్కన అదే స్టూలు మీద ఉన్నాడు. హాఫ్ స్కీమ్ గురించి ఇంకా అడగలేదు. శ్రీ వెంకటేశ్వర మెడికల్స్ పదకొండు ఎందుకున్నాయని మాత్రం అడిగాడట.