డీస్పేస్ కొత్త నిర్మాణం: కొన్నేళ్ల వాడకం తర్వాత

పరిశోధన వ్యాసాలు, థీసిస్‌లు, పాత ముద్రణల స్కాన్లు భద్రపరిచే ఒక డిజిటల్ రిపాజిటరీని నేను డీస్పేస్ అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్‌తో, దాని 5వ వెర్షన్ కాలం నుంచి నిర్వహిస్తున్నాను. ఆ తర్వాత 6, 7 మీదుగా ఇప్పుడు 8 వాడుతున్నాను. 2021 ఆగస్టులో వచ్చిన 7.0 పేరుకు తరువాతి వెర్షనే అయినా, నిజానికి అది పాత ఇంటి పునాదిని ఉంచి పైనున్నదంతా కూల్చి కట్టిన పని. వలస సమయంలో మా దగ్గరున్న ఒక్క ఫైలూ పోకపోవడానికి ఆ పునాది కారణమైతే, అప్పటి నుంచి నిర్వహణ పని పెరగడానికి పైన కట్టిన భాగం కారణం. ఆ రెండింటినీ తూచి చూస్తే మార్పు సరైనదే అనిపిస్తుంది, కానీ దాని ఖర్చు ఎవరి మీద పడిందో చెప్పకుండా మెచ్చుకోవడం న్యాయం కాదు.

ఇంత పెద్ద మార్పు ఎందుకు కావలసివచ్చిందో పాత వెర్షన్లు వాడినవారికి తెలుసు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ గ్రంథాలయాలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002 నవంబరులో డీస్పేస్‌ను విడుదల చేసినప్పుడు దానికి జేఎస్‌పీ అనే జావా వెబ్ పేజీల మీద నడిచే ఒకే ఇంటర్‌ఫేస్ ఉండేది. 2008లో 1.5తో పాటు, కొకూన్ అనే వెబ్ చట్రం మీద ఆధారపడిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇంటర్‌ఫేస్ రెండోదిగా చేరింది. అప్పటి నుంచి పదేళ్లకు పైగా ఒకే సాఫ్ట్‌వేర్‌కు రెండు ముఖాలు ఉండిపోయాయి. ఒక ముఖానికి వచ్చిన సదుపాయం రెండోదానికి రావాలంటే మళ్లీ మొదటి నుంచి రాయాలి. కొన్ని ఎప్పటికీ రాలేదు. మేము వాడిన రెండో ముఖంలో ఒక బటన్ స్థానం మార్చాలన్నా ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను వెబ్ పేజీగా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైళ్లలోకి దిగాలి, ఆ భాషను కొత్తగా నేర్చుకునేవారేమో ఏటేటా తగ్గిపోతూ వచ్చారు.

నిర్మాణాన్ని తిరగరాయాలన్న ఆలోచన 7తో మొదలైనది కాదు. డీస్పేస్ 2 పేరుతో అంతకుముందే ఒక ప్రయత్నం జరిగింది. ఆ పేరుతో విడుదల రాలేదు. అందులో తయారైన సర్వీసుల చట్రం 2010లో వచ్చిన 1.6లో కలిసింది. 2012లో వెర్షన్ సంఖ్యల పద్ధతి మార్చినప్పుడు, ఆ డీస్పేస్ 2 నమూనాతో గందరగోళం రాకూడదని 1.8 తర్వాత నేరుగా 3.0కు వెళ్లారు. రెండో వెర్షన్ లేని సాఫ్ట్‌వేర్ ఏమిటని కొత్తగా చేరినవారు అడుగుతూనే ఉంటారు. అంతా ఒకేసారి తిరగరాయబోయిన ఆ అనుభవాన్ని చూస్తే, 7లో డేటా నమూనాను ముట్టుకోకుండా ఇంటర్‌ఫేస్‌నూ సర్వర్‌నూ విడదీయడానికే పరిమితం కావడంలోని వివేకం అర్థమవుతుంది.

విడదీత ఇలా ఉంది. గతంలో టామ్‌క్యాట్ అనే జావా సర్వర్‌లో విడివిడిగా పెట్టవలసిన ఇంటర్‌ఫేస్, ఓఏఐ (మెటాడేటాను బయటికి పంచేది), స్వార్డ్ (బయటి నుంచి సమర్పణలు స్వీకరించేది), రెస్ట్ (ఇతర ప్రోగ్రాములకు జవాబిచ్చేది) అప్లికేషన్ల స్థానంలో ఇప్పుడు స్ప్రింగ్ బూట్ అనే జావా చట్రం మీద నడిచే ఒకే సర్వర్ అప్లికేషన్ ఉంది. దాని ముందు, పూర్తిగా వేరుగా, యాంగ్యులర్ అనే వెబ్ చట్రంలో రాసిన ఇంటర్‌ఫేస్, సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ మీద నడుస్తుంది. ఈ రెండింటి మధ్య రాకపోకలన్నీ ఒకే రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రాములు పరస్పరం అడిగి జవాబు పొందే మార్గం) ద్వారా సాగుతాయి. నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది ఇదే. పాత రెస్ట్ ఒక అనుబంధం లాంటిది, తెరమీద చేయగలిగిన పనుల్లో కొన్నిటినే చేసేది. ఇప్పుడు తెరమీది ప్రతి పనీ అదే ఏపీఐ గుండా వెళుతుంది కాబట్టి, తెరమీద సాధ్యమైనదల్లా స్క్రిప్టుతోనూ సాధ్యమే. బహిరంగం చేయకుండా ఆపి ఉంచిన నిషేధకాలం (ఎంబార్గో) ముగియవస్తున్న థీసిస్‌ల జాబితా తీయడం, ఒకే సంస్థ పేరు రకరకాలుగా నమోదైన రికార్డులను ఏకరూపం చేయడం, తుది పరిశీలనలో నిలిచిపోయిన సమర్పణలను గుర్తించడం వంటి పనులకు మునుపు డేటాబేస్‌లోకి నేరుగా తొంగిచూడవలసి వచ్చేది. ఇప్పుడు అవన్నీ అనుమతుల పరిధిలోనే, డేటాబేస్‌ను తాకకుండా జరుగుతున్నాయి. ప్రతి జవాబులోనూ తదుపరి వనరులకు లింకులు ఉంటాయి కనుక, ఏపీఐ పత్రాలు పూర్తిగా చదవకుండానే దారి పట్టుకోవచ్చు.

సమర్పణ ఫారం కూడా బాగుపడింది. పాతదానిలో ఒక్కో పేజీ దాటుకుంటూ వెళ్లవలసిన దశలన్నీ ఇప్పుడు ఒకే పేజీలో ఉన్నాయి, రాస్తున్నదాన్ని అప్పుడప్పుడు అదే భద్రపరుస్తుంది. సమర్పించేవారి నుంచి మాకు వచ్చే ప్రశ్నలు బాగా తగ్గాయి.

పునాది సంగతి. కమ్యూనిటీ, దాని కింద కలెక్షన్, అందులో ఐటమ్, ఐటమ్ లోపల ఫైళ్ల కట్ట అయిన బండిల్, బండిల్‌లో ఒక్కో ఫైలు అయిన బిట్‌స్ట్రీమ్ అనే వరుస 2002 నాటిదే. శీర్షిక, రచయిత వంటి వివరాలకు వాడే డబ్లిన్ కోర్ ప్రమాణపు క్షేత్రాలతో మెటాడేటా ఒక్కో విలువకు ఒక్కో వరుసగా పట్టికలో ఉండే పద్ధతీ మారలేదు. అందువల్ల 6 నుంచి 7కు డేటాబేస్ మార్పిడిని ఫ్లైవే అనే సాధనపు స్క్రిప్టులు తమంతట తాము పూర్తి చేశాయి. ఐటమ్ పేజీ చిరునామాలో ఇప్పుడు యూయూఐడీ (ఒక్కో వస్తువుకు ఇచ్చే పొడవైన ప్రత్యేక గుర్తింపు) కనిపిస్తున్నా, హ్యాండిల్ అనే శాశ్వత గుర్తింపుతో ఉన్న పాత లింకులు కొత్త పేజీకే తీసుకెళతాయి. ఎప్పుడో అచ్చయిన ఉల్లేఖనల్లోని లింకులు చెక్కుచెదరలేదు. అయితే ఇది హ్యాండిల్ ఉపసర్గను (సంస్థకు కేటాయించే ముందు సంఖ్యను) నమోదు చేయించుకున్నవారికే పూర్తిగా వర్తిస్తుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఉండే 123456789 అనే నమూనా సంఖ్యనే ఏళ్ల తరబడి వాడుతున్న రిపాజిటరీలు ఎన్నో కనిపిస్తాయి. అక్కడి హ్యాండిల్ సొంత వెబ్‌సైట్‌లోనే పనిచేస్తుంది, బయటి హ్యాండిల్ సర్వర్ దాన్ని గుర్తించదు. ఏ కొత్త నిర్మాణమూ ఆ లోపాన్ని సరిచేయలేదు.

వలసలో చేత్తో చేయవలసినవి ఎక్కువగా ఆకృతీకరణ (సెట్టింగుల) ఫైళ్లలో ఉన్నాయి. పాత ఫారాల ఫైలును కొత్త రూపంలోకి మార్చే సాధనం ఇచ్చారు, అది చాలావరకు పనిచేస్తుంది. సమర్పణలను పరిశీలించే పాత సరళ విధానం తొలగిపోయి, దశలను మనమే నిర్వచించుకునే విధానం ఒక్కటే మిగిలింది. పాత థీమ్ నుంచి ఒక్క కోడ్ వరుసా కొత్తదానికి రాదు. ఇక వెతుకులాటకు సూచిక తయారుచేసే సోలర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి. వెతుకులాటకు వాడే సోలర్ సూచికను డేటాబేస్ నుంచి ఎప్పుడైనా మళ్లీ తయారు చేసుకోవచ్చు కానీ, ఎవరు ఏ ఫైలు దించుకున్నారన్న గణాంకాలు సోలర్‌లో తప్ప మరెక్కడా ఉండవు. డేటాబేస్‌కూ ఫైళ్లకూ బ్యాకప్ తీసుకుని నిశ్చింతగా ఉన్నవారు సోలర్ ఫోల్డర్‌ను పోగొట్టుకుంటే ఏళ్ల నాటి గణాంకాలు తిరిగిరావు. పైగా 6కు ముందు ఐటమ్‌లకు వరుస సంఖ్యలు ఉండేవి కాబట్టి, ఆనాటి గణాంకాలను యూయూఐడీలకు మార్చే సాధనాన్ని విడిగా నడపాలి. ఇంత లోతైన పునర్నిర్మాణంలో ఈ ఏర్పాటును అలాగే వదిలేయడం నాకు అర్థం కాలేదు.

రోజువారీ నిర్వహణలో మొదట ఎదురయ్యేది చిరునామాల పట్టింపు. సర్వర్‌కొకటి, ఇంటర్‌ఫేస్‌కొకటి రెండు చిరునామాలు రాయాలి. ఇంటర్‌ఫేస్ చిరునామా చివర ఒక వాలుగీత (/) ఎక్కువైనా బ్రౌజర్ భద్రతా నియమాలు అడ్డుపడి లాగిన్ కాదు. అదే యంత్రంలో పరీక్షించుకునే సందర్భం తప్ప సర్వర్ తప్పనిసరిగా హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. ఒకసారి కుదిరాక మళ్లీ తలనొప్పి ఉండదు.

అంతకంటే బరువైనది పేజీలను సర్వర్ వైపు తయారుచేసే ఏర్పాటు. యాంగ్యులర్ పేజీ బ్రౌజర్‌లోనే రూపుదిద్దుకుంటే సెర్చ్ ఇంజిన్లకు ఖాళీ పేజీ కనిపిస్తుంది, రిపాజిటరీకి అంతకు మించిన నష్టం లేదు. అందుకే మొదటిసారి అడిగిన పేజీని నోడ్ పూర్తిగా తయారుచేసి పంపుతుంది. మనుషులు చూస్తున్నంతసేపూ ఇది బాగానే ఉంటుంది. కానీ రచయిత, విషయం, సంవత్సరం వంటి వడపోతలు ఒకదానితో ఒకటి కలిసి దాదాపు అంతులేని చిరునామాలను పుట్టిస్తాయి, వెబ్ పేజీలను తమంతట తాము చదివే ప్రోగ్రాములైన రోబోలు వాటన్నిటినీ తిరుగుతాయి. ప్రతి పేజీకీ నోడ్ పనిచేయాలి, దాని వెనుక రెస్ట్ అభ్యర్థనలు చాలా వెళ్లాలి, వాటి వెనుక సోలర్, డేటాబేస్ కదలాలి. కృత్రిమ మేధ సంస్థల రోబోలు పెరిగాక ఈ భారం మాకు మరీ స్పష్టంగా తెలిసింది. అజ్ఞాత సందర్శకులకూ రోబోలకూ వేర్వేరుగా, ఒకసారి తయారైన పేజీల నకళ్లను నిల్వ ఉంచి మళ్లీ ఇచ్చే సదుపాయం 7 శ్రేణిలోనే వచ్చింది. వెతుకులాట పేజీలను సర్వర్ వైపు తయారుచేయడం మానేసే ఏర్పాటు తర్వాతి విడుదలల్లో చేరింది. ఈ రెండింటితో పాటు వడపోత చిరునామాలను రోబోలకు నియమాలు చెప్పే రోబోట్స్ ఫైలులో నిషేధించి, దాన్ని పట్టించుకోని రోబోలను సర్వర్‌కు ముందుండే ప్రాక్సీ దగ్గరే నియంత్రించాక మా సర్వర్ కుదుటపడింది.

థీమ్ విషయంలో నా అసంతృప్తి మిగిలే ఉంది. మూలకోడ్‌ను ముట్టుకోకుండా, మార్చదలచిన భాగాన్ని మాత్రమే సొంత థీమ్ ఫోల్డర్‌లోకి తెచ్చుకుని దిద్దుకునే పద్ధతి చక్కనిదే. కానీ యాంగ్యులర్ ఆరు నెలలకొక ప్రధాన వెర్షన్ విడుదల చేస్తుంది, డీస్పేస్ కూడా దాని వెనుక పరుగెత్తక తప్పదు. 7 నుంచి 8కు మారినప్పుడు సర్వర్ వైపు మాకు దాదాపు జావా 17కు మారడంతోనే సరిపోయింది. థీమ్‌లో దిద్దిన ప్రతి భాగాన్నీ మాత్రం కొత్త మూలంతో పక్కపక్కన పెట్టి చూసుకోవలసి వచ్చింది. గ్రంథాలయంలో మెటాడేటా తెలిసినవారు దొరుకుతారు, యాంగ్యులర్ తెలిసినవారు దొరకరు. ప్రోగ్రామర్ లేని చిన్న సంస్థకు ఈ నిర్మాణం పాతదానికంటే కష్టమైనదనే అంటాను.

ఎంటిటీలు ఈ శ్రేణిలో వచ్చిన ముఖ్యమైన కొత్త ఊహ. వ్యక్తి, ప్రాజెక్టు, సంస్థ, ప్రచురణ ఇప్పుడు ఒక్కొక్కటీ ఒక ఐటమే, వాటి మధ్య సంబంధాలు కలపవచ్చు. రచయితకు సొంత పేజీ ఉంటుంది, వ్యాసంపై అచ్చయిన పేరు రూపం చెడకుండానే ఆ పేజీకి ముడిపడుతుంది. కొత్త పట్టికల కుప్ప పెట్టకుండా ఉన్న ఐటమ్ నమూనా మీదే దీన్ని నిలబెట్టడం నాకు నచ్చింది. ఒక పెద్ద విభాగానికి వేల సంఖ్యలో సంబంధాలు పేరుకుంటే పేజీలు మందగిస్తాయి. సంబంధాన్ని ఒక వైపు నుంచే చదివేలా చేసే సెట్టింగ్ ఉంది, దాన్ని మొదట్లోనే పెట్టుకోవడం మంచిది.

నిల్వ విషయంలో మాత్రం పాత పద్ధతే కొనసాగుతోంది. అసెట్‌స్టోర్ అనే నిల్వలో ఫైళ్లు అంకెల పేర్లతో, మూడు స్థాయిల ఫోల్డర్లలో ఉంటాయి. ఏది ఏ థీసిసో డేటాబేస్ లేకుండా తెలియదు. ఇదే రంగంలోని ఫెడోరా అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్ 2021లో తన ఆరో వెర్షన్‌కు వచ్చేసరికి ఓసీఎఫ్ఎల్ అనే నిల్వ పద్ధతిని చేపట్టి, సాఫ్ట్‌వేర్ లేకపోయినా డిస్కులోని ఫోల్డర్లు చదివితే వస్తువూ దాని వెర్షన్లూ అర్థమయ్యేలా చేసింది. ఐటమ్‌ను మెటాడేటాతో సహా ఒకే పొట్లంగా ఎగుమతి చేసే ఏఐపీ సదుపాయం డీస్పేస్‌లో 1.7 నుంచి ఉంది. మేము దాన్ని క్రమం తప్పకుండా నడిపి, ఆ పొట్లాలను వేరే చోట ఉంచుతున్నాం.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారైనా, 6 నుంచి వచ్చేవారైనా నేరుగా 8 లేదా ఆపై శ్రేణికి వెళ్లడం మేలు. 7లో ఇబ్బంది పెట్టినవి చాలావరకు అక్కడికి సర్దుకున్నాయి. ప్రోగ్రామర్ లేని చోట రంగులు, లోగో, ముఖపేజీ పాఠం వరకే థీమ్‌ను మార్చుకోవాలి. మిగతా మార్పుల కోసం ఎవరైనా ఒత్తిడి తెస్తే, తదుపరి అప్‌గ్రేడ్‌లో ఆ మార్పులను ఎవరు దిద్దుతారో ముందుగా వారితోనే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.